బిళ్ళగన్నేరుకు పీత పెంకులు

జోగమ్మ మా కాలేజీకి మొదటిసారి వచ్చినప్పుడు అటెండరు పెంటయ్య ఆమెను గేటు దగ్గరే ఆపేశాడు. నెత్తిమీద చేపల గంప చూసి, లోపల అమ్మకాలు కుదరవన్నాడు.

"అమ్మడానికి కాదు నాయనా. మా గుంట బాటనీలో ఉజ్జోగం సేత్తంది. సూసి ఎల్లిపోతాను" అని గంప దించి, దానికి పెంటయ్యనే కాపలా పెట్టి లోపలికి నడిచింది. ఆమె తిరిగి వచ్చేదాకా అతను కాకుల్ని తోలుతూ నిలబడ్డాడు. జోగమ్మ పని చెబితే ఎవరైనా అలాగే చేసేవారు. చెప్పే తీరు అలాంటిది.

ఇది 2002లో మాట. అప్పుడు నేను టెక్కలిలో ఆ కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. జోగమ్మది భావనపాడు దగ్గర సముద్రం ఒడ్డున చిన్న పల్లె. భర్త కూర్మారావు చేపల వేటకు వెళ్తాడు. ఆమె చేపలు టెక్కలికి తెచ్చి వీధుల్లో అమ్ముతుంది. ఒక్కతే కూతురు, కుసుమ. విశాఖపట్నంలో చదివి ఎమ్మెస్సీ బాటనీ పాసైంది. "సేపల మీద సదవమంటే మొక్కల మీద సదివినాది. మా ఇంటికి ఏటి లాబం?" అని జోగమ్మ ఊరందరితో అనేది. అనేటప్పుడు ముఖం మాత్రం వెలిగిపోతూ ఉండేది.

మా బాటనీ లెక్చరరు నారాయణమూర్తికి ఢిల్లీ నుంచి ఒక ప్రాజెక్టు వచ్చింది. అందులో సహాయకురాలిగా కుసుమ చేరింది. డిపార్ట్‌మెంటు వెనక పాత సామాన్ల గదిని సున్నం వేయించి, కిటికీకి ఏసీ బిగించి ల్యాబు చేశారు. ఆ గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు విడవాలి, చేతులు కడుక్కోవాలి, మాట్లాడకూడదు. జోగమ్మ మొదటి రెండూ చేసింది. మూడోది ఆమె వల్ల కాలేదు.

లోపల ఒక యంత్రం మీద గాజు ఫ్లాస్కులు గుండ్రంగా ఊగుతున్నాయి. వాటిలో పసుప్పచ్చటి జావలాంటిదేదో ఉంది.

"ఇదేటే, గంజా?"

"గంజి కాదమ్మా. బిళ్ళగన్నేరు."

"నన్ను ఎర్రిదాన్ని సేత్తన్నావా? ఏరేదీ? ఆకేదీ? పువ్వేదీ?"

కుసుమ ఓపిగ్గా చెప్పింది. బిళ్ళగన్నేరు ఆకు ముక్కను పంచదార, లవణాలు కలిపిన మెత్తటి ముద్ద మీద పెడితే, అది ఆకులా కాకుండా ఒక గడ్డలా పెరుగుతుంది. ఆ గడ్డను విడదీసి పంచదార నీళ్ళలో వేసి ఊపుతూ ఉంటే, కణాలు దేనికది పెరుగుతూ పోతాయి. వేరూ ఆకూ అక్కర్లేదు. మొక్కలో మందుండేది కణాల్లోనే కాబట్టి, తోటలు వేయకుండా ఈ నీళ్ళలోనే మందు తయారు చేయించాలని ప్రయత్నం. బిళ్ళగన్నేరులో రక్తపోటుకూ, రక్తప్రసరణకూ పనికొచ్చే పదార్థం ఉంది. కాకపోతే చిటికెడు కావాలంటే బండెడు మొక్కలు పీకాలి.

బిళ్ళగన్నేరు జోగమ్మకు కొత్త కాదు. వాళ్ళ పల్లెలో ఇసకలో ఇంటింటి ముందూ అదే. మేకలు కూడా ముట్టవు.

"మరి ఈ గంజిలో మందుందా?"

"అదేనమ్మా గోల. కణాలు బాగా పెరుగుతున్నాయి గానీ మందు సెయ్యటం నేదు. బయట మొక్కకి పురుగులుంటాయి, బూజు పడతాది, ఎండ కాత్తాది. వాటినించి కాసుకోటానికి ఆ మందు తయారు సేసుకుంతాది. ఇక్కడ ఏసీ ఉంది, పంచదార ఉంది. కట్టమేటుంది దానికి?"

జోగమ్మ ఒక్క క్షణం ఆలోచించింది.

"ఓలమ్మా, అచ్చం మీయయ్యే. ఇంట్లో బియ్యం నిండుగా ఉంటే వల ముట్టడు."

పక్క గదిలో ఉన్న నారాయణమూర్తికి ఈ మాట వినబడింది. తరువాత ఆయన డిగ్రీ పిల్లలకు ఈ పాఠం చెప్పినప్పుడల్లా కూర్మారావును ఉదాహరణగా చెప్పేవాడు. పాపం కూర్మారావుకు ఆ సంగతి చాలా ఏళ్ళదాకా తెలియదు.

కణాలకు లేని కష్టాన్ని ఉన్నట్టు నమ్మించడం ఎలాగన్నదే అప్పుడు వాళ్ళ ఆలోచన. బూజు మీద పడిందని అనుకుంటే కణాలు మందు తయారు చేస్తాయి. నిజంగా బూజు వేస్తే చచ్చిపోతాయి. అయితే బూజు ఒంటి గోడలో ఉండే పదార్థానికి దగ్గరిది పీతల, రొయ్యల పెంకుల్లోనూ ఉంటుంది. దాన్ని కొంచెం వేస్తే కణాలు మోసపోతాయని వేరే దేశాలవాళ్ళు చేసి చూశారు. ఆ పొడి కోసం నారాయణమూర్తి ముంబైకి ఆర్డరు పెట్టాడు. వానాకాలం వెళ్ళిపోయింది గానీ పొడి రాలేదు.

ఒక సాయంత్రం కుసుమ ఇంటి దగ్గర ఈ సంగతి చెప్పి విసుక్కుంటే జోగమ్మ నవ్వింది.

"పీత పెంకులకి బొంబాయి ఎందుకే? వలల్లో పడ్డ సిన్న పీతల్ని ఒడ్డునే పారేత్తారు. ఎన్ని గావాల? బస్తాడా, రెండు బస్తాలా?"

కుసుమ వెళ్ళి నారాయణమూర్తిని అడిగింది. కొన్న పొడి వచ్చేదాకా మనమే చేసి చూద్దామని ఆయనా ఉత్సాహపడ్డాడు.

మొదటి బస్తా టెక్కలికి రావడమే ఒక తిరునాళ్ళలా జరిగింది. బస్సులో సగం దూరం వచ్చేసరికి కండక్టరు ధర్మారావు ముక్కు మూసుకుని వెనక్కి వచ్చాడు.

"ఏటే జోగమ్మా ఈ కంపు? సేపలైతే ఊరుకుంతాను. ఇదేటి?"

"మందు బాబూ. బీపీ మందు తయారవుతాది దీంతో."

"నాకూ బీపీ ఉంది గానీ ఇలాటి మందు నానెప్పుడూ సూణ్ణేదు."

"అయితే నీ కోసమే తెత్తన్నానన్నమాట. కాళ్ళు నొప్పెడతన్నాయి, కాసింత సీటిప్పించు."

బస్సంతా నవ్వింది. ధర్మారావు బస్తాను బస్సు పైకెక్కించి, ఆమెకు మాత్రం సీటిప్పించాడు.

కానీ కాలేజీలో ఎవరూ నవ్వలేదు. సరిగ్గా ఎండని పెంకులు ల్యాబు వెనక పెట్టగానే వరండా పొడవునా వాసన కమ్ముకుంది. మా తరగతిలో నేను పద్యం ఎత్తుకుంటే పిల్లలు ముక్కులకు చున్నీలు అడ్డం పెట్టుకున్నారు. ప్రిన్సిపాలు స్వయంగా వచ్చి, రేపటికల్లా ఇది లేకపోతే ప్రాజెక్టు ఉండదన్నాడు. కుసుమ ఆ బస్తాను పారబోయించి, ఇంటికి వెళ్ళి తల్లితో జరిగింది చెప్పింది. "ఈసారి కంపు రాకుండా తెత్తాను, నువ్వు బెంగెట్టుకోకు" అంది జోగమ్మ.

అన్నట్టే రెండో బస్తా వచ్చింది. ఆశ్చర్యంగా వాసనే లేదు. పెంకులు గలగలలాడుతూ ఎండి ఉన్నాయి, కొద్దిగా పసుపుపచ్చగా కూడా కనిపించాయి. పీత పెంకు రంగు అలాగే ఉంటుంది కాబోలనుకున్నారు. కుసుమ వాటిని దంచి, పలచటి ఆమ్లంలో నానబెట్టి సున్నం పోగొట్టి, మెత్తటి పొడి చేసి ఫ్లాస్కుల్లో వేసింది. కొన్ని ఫ్లాస్కుల్లో ఏమీ వేయకుండా పోల్చుకోవడానికి ఉంచింది.

కొన్నాళ్ళ తరువాత ఒక మధ్యాహ్నం నారాయణమూర్తి మా స్టాఫ్ రూములోకి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. కణాల్లోంచి తీసిన రసాన్ని తెల్లటి పూత పూసిన పలక మీద చుక్కలుగా పెట్టి, యూవీ దీపం కింద చూస్తే అందులోని పదార్థాలు మెరుస్తాయట. ఏమీ వేయనివాటిలో లేని ఒక చుక్క పీత పొడి వేసినవాటిలో పసుపు కలిసిన ఆకుపచ్చగా ధగధగలాడుతోందట.

"పుస్తకాల్లో ఎక్కడా లేదండీ. బిళ్ళగన్నేరులో ఇలాంటి పదార్థం ఎవరూ చూడలేదు!"

పలాస నుంచి జీడిపప్పు పాకం తెప్పించి అందరికీ పంచాడు. కొత్త పదార్థానికి పేరేం పెట్టాలన్న చర్చ నడిచింది. ఊరి పేరు నిలబడాలని "టెక్కలిన్" అని ఖాయం చేశాడు. నేను రెండు ముక్కలు పాకం తిని, పేరు శ్రావ్యంగా ఉందని చెప్పాను.

ఈ సంబరంలో కుసుమ ఒక్కతే ముభావంగా ఉంది. కణాలు అసలు లేని నీళ్ళలో పీత పొడి మాత్రమే వేసి చూస్తే ఏమవుతుందన్న అనుమానం ఆమెకు వచ్చింది. ఎవరికీ చెప్పకుండా చేసి చూసింది. అందులోనూ అదే చుక్క వెలిగింది. కణాలే లేవు, మరి ఆ పదార్థాన్ని చేసిందెవరు? ఆ సాయంత్రం బస్సు దిగి నేరుగా ఒడ్డుకు నడిచింది. జోగమ్మ మూడో బస్తా కోసం పెంకులు ఎండబెడుతోంది.

"అమ్మా, ఈ పెంకుల్లో ఏటి కలుపుతున్నావు?"

"కలపడానికేటుంది? కాసింత ఉప్పు, దిట్టంగా పసుపు. కంపు పోవాలన్నావు కదే. బాగా రుద్ది మరీ ఎండెడతన్నాను."

కుసుమ ఇసకలో కూలబడిపోయింది. మొదట ఏడుపు వచ్చింది. తరువాత పంచిన పాకం, టెక్కలిన్ అన్న పేరు, సారు ముఖంలోని ఆనందం ఒక్కొక్కటీ గుర్తొచ్చి, ఆపుకోలేక నవ్వింది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియక జోగమ్మ గాభరాపడింది. సంగతి అర్థమయ్యాక ఆమె ముఖం మాడిపోయింది.

"నా సేతులు ఇరగా. ఆ బాబు పరువు తీసీసినాను కదే."

కుసుమ మర్నాడు నారాయణమూర్తికి చెబుతానంది. జోగమ్మ ఒప్పుకోలేదు. పసుపు రుద్దింది తను కాబట్టి తనే చెప్పాలంది. కూర్మారావు అడ్డుపడి, "సదువుకున్నోల పన్లో నీకెందుకే? ఊరుకో" అన్నాడు. ఆ మాటతో ఆమె పట్టుదల ఇంకా పెరిగింది.

పొద్దున్నే స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. మేమంతా ఉన్నాం. ఏనాడూ తలదించని మనిషి ఆ రోజు కొంగు నులుముకుంటూ మాట్లాడింది.

"బాబూ, మీరు కనిపెట్టిన కొత్త మందు నా పసుపట. కంపు రాకూడదని పెంకులకి రుద్దినాను. మా గుంట తప్పేటీ నేదు. ఏమైనా అంటే నన్నే అనండి."

నారాయణమూర్తి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తరువాత భుజాలు ఊగడం మొదలైంది. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

"అయితే పసుపుకి ఇంకో పేరు పెట్టానన్నమాట! జోగమ్మా, నీ తప్పేమీ లేదు. పెంకులు ఎలా తేవాలో నీకు మేం చెప్పలేదు. ఆ పొడిని విడిగా చూడకుండానే పాకం పంచేసింది నేను. మీ అమ్మాయి చూసింది కాబట్టి బతికిపోయాను. ఇది విశాఖపట్నం సెమినార్లో చెప్పి ఉంటే ఏమయ్యేవాణ్ణో!"

జోగమ్మ అప్పటికి తలెత్తింది. "అయితే ఇప్పుడు సెప్పండి. ఎలా తేవాల?"

ఆ తరువాత చాలా కాలం మా స్టాఫ్ రూములో కూర వాసన బాగుంటే "ఇందులో టెక్కలిన్ ఎంత వేశారు?" అని అడిగేవాళ్ళం. అందరికంటే గట్టిగా నారాయణమూర్తే నవ్వేవాడు.

మూడోసారి పని పద్ధతిగా సాగింది. జోగమ్మ పెంకుల్ని ముందు సముద్రపు నీళ్ళలో, తరువాత బావి నీళ్ళలో కడిగి, మాంసం పిసరు లేకుండా గీకి, పాత వల మీద పరిచి గలగలలాడేదాకా ఎండబెట్టింది. ఊరుకోమన్న కూర్మారావే వలలోంచి పీతల్ని ఏరి విడిగా పెట్టడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే, "ఎలాగూ పారేసేవే కదా" అనేవాడు. టెక్కలిలో కుసుమ చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, ఆరుబయట ఆ పెంకుల్ని ముందు ఆమ్లంలో వేసింది. సోడా పోసినట్టు నురగ వచ్చింది. తరువాత ఘాటైన కాస్టిక్ సోడా నీళ్ళలో ఉడికించి, ఎన్నో సార్లు కడిగింది. చివరికి అటుకుల్లాంటి తెల్లటి పలుకులు మిగిలాయి. వెనిగర్‌లాంటి పలచటి ఆమ్లంలో వేస్తే అవి కరిగి చిక్కటి జిగురయ్యాయి.

ఆ జిగురు ఎంత వేయాలో తెలియదు. కుసుమ ధైర్యంగా వేసింది. తెల్లారేసరికి కణాలన్నీ గోధుమరంగుకు తిరిగి చచ్చిపోయాయి. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు.

"బయపెట్టమంటే సంపీసినావేటే?" అంది జోగమ్మ పళ్ళెం ముందుకు జరుపుతూ. "తిను. అయ్యి మల్లీ పుట్టవా?"

పుట్టాయి. ఈసారి కుసుమ జిగురును బాగా తగ్గించింది. వేసే సమయం కూడా మార్చింది. కణాలు చురుగ్గా పెరుగుతున్నప్పుడు వేస్తే పెరుగుదల ఆగిపోతోంది, మందూ రావడం లేదు. అవి కడుపునిండా పంచదార తిని, పెరగడం ఆగిపోయే వేళకు వేసి చూసింది. ఒక వారం కరెంటు కోతలు వచ్చి ఊపే యంత్రం ఆగిపోయి అవన్నీ పాడయ్యాయి. మళ్ళీ మొదలుపెట్టింది. నారాయణమూర్తి పక్కనే ఉండి లెక్కలు సరిచూసేవాడు.

వేసవి మొదట్లో ఒక రోజు పెంటయ్య వీధిలో చేపలమ్ముతున్న జోగమ్మను వెతుక్కుంటూ వెళ్ళి, సారు రమ్మంటున్నారని చెప్పాడు. కుసుమ, నారాయణమూర్తి ల్యాబు కిటికీకి నల్లటి గుడ్డ కట్టి, తలుపు వేసి, యూవీ దీపం వెలిగించారు. నన్నూ పిలిచారు. పలక మీద వరసగా చుక్కలు. అసలు మందైతే నీలంగా మెరవాలట. ఏమీ వేయని కణాల రసం మసక మసగ్గా ఉంది. పక్కనే పీత జిగురు వేసినది నీలంగా, మన కళ్ళలోకే చూస్తున్నట్టు వెలుగుతోంది.

జోగమ్మ నోటి వెంట చాలాసేపు మాట రాలేదు. ఆ గదిలో ఆమె మౌనంగా ఉండడం అదే మొదలు.

"మా ఆయన సెప్తాడు. సీకటేల సంద్రం నీలల్లో సెయ్యి పెడితే ఇలాగే మెరుత్తాదని" అంది చివరికి. తరువాత దగ్గరికి వంగి, అనుమానంగా చూసింది. "ఇందులో నాను కలిపిందేటీ నేదు కదా?"

"నేదమ్మా. కణాలు నేకుండా జిగురు ఒక్కటీ పెట్టి చూసినాను. అదిగో, ఆ చివర చుక్క. ఏటైనా వెలుగుతోందా?"

వెలగడం లేదు. జోగమ్మ తృప్తిగా తలాడించింది.

రసాన్ని విశాఖపట్నం పంపి కచ్చితంగా కొలిపించారు. పీత జిగురు వేసిన కణాల్లో మందు రెండింతలకు పైగా ఉందని తేలింది. నారాయణమూర్తి ఈసారి పాకం పంచలేదు. మళ్ళీ చేయించాడు, ఇంకోసారి చేయించాడు. మూడుసార్లూ అదే వచ్చాక గానీ పలాసకు మనిషిని పంపలేదు.

"అయితే మీయయ్య ఏసుకునే బీపీ మాత్తరలోకి ఇదే ఎల్తాదా?" అని అడిగింది జోగమ్మ, పాకం కొరుకుతూ.

"ఇంకా చాలా దూరముందమ్మా. ఇక్కడ గ్లాసుడు నీళ్ళల్లో వచ్చింది. గంగాళాల్లో రావాల. అప్పటికి కూడా కంపెనీలకి గిట్టుబాటవ్వాల."

"వత్తాది లే. గ్లాసుడు వచ్చినాది కదా."

నారాయణమూర్తి, కుసుమ కలిసి రాసిన వ్యాసం ఒక పత్రికలో అచ్చయింది. చివర్లో కృతజ్ఞతలు చెప్పే చోట, పీత పెంకులు సేకరించి శుభ్రపరచినందుకు శ్రీమతి జోగమ్మకు అని ఒక వాక్యం ఉంది. కుసుమ అది చదివి వినిపిస్తే ఆమె మురిసిపోలేదు, కంగారు పడింది.

"మరి మీయయ్య పేరేదే? పీతలు పట్టింది ఆయన కాదా? అలుగుతాడు!"

అచ్చయిపోయింది, మార్చడం కుదరదంటే నమ్మలేదు. నారాయణమూర్తి దగ్గరకే వచ్చి అడిగింది. తరువాత రాసిన వ్యాసంలో ఇద్దరి పేర్లూ పడ్డాయి. ఆ కాగితాన్ని కూర్మారావు అద్దం కట్టించి ఇంట్లో దేవుడి పటాల పక్కన పెట్టాడు. అందులో తన పేరు ఎక్కడుందో వచ్చినవాళ్ళందరికీ వేలుపెట్టి చూపించేవాడు.

ప్రాజెక్టు ముగిశాక కుసుమ ఇదే పని మీద పీహెచ్‌డీ చేయడానికి హైదరాబాద్ వెళ్ళింది. మరుసటి ఏడు జోగమ్మ ఆమెను చూడడానికి బయలుదేరింది. ఎండు నెత్తళ్ళ మూట ఒకటి కట్టుకుని వెళ్ళింది. కుసుమ ఆమెకు తమ ల్యాబు చూపించింది. అక్కడ గాజు ఫ్లాస్కులే కాదు, మనిషెత్తు స్టీలు డ్రమ్ము ఒకటి ఉంది. అందులో కింది నుంచి గాలి బుడగలు వస్తూ కణాలు పెరుగుతున్నాయి. గుండ్రటి చిన్న గాజు కిటికీలోంచి జోగమ్మ లోపలికి తొంగిచూసింది.

"గంగాళం ఇదేనా?"

"ఇదేనమ్మా. ఇంకా పెద్దవి కూడా ఉంటాయి."

జోగమ్మ ఆ డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగి, అరచేత్తో తట్టి, "ఎక్కువ బయపెట్టకు" అని మాత్రం చెప్పింది. హాస్టల్లో కుసుమ స్నేహితురాళ్ళకు నెత్తళ్ళ వేపుడు చేసి పెట్టింది. ఇంకొన్నాళ్ళు ఉండమని వాళ్ళంతా బతిమాలినా ఉండలేదు. అక్కడ గాలికి ఉప్పు లేదట, నిద్ర పట్టలేదట.

తెల్లవారుజామున దగ్గర్లోని నౌపడ స్టేషన్లో రైలు దిగిన మనిషి ఇంటికి కూడా పోకుండా, తెప్పలు ఒడ్డుకొచ్చే వేళయిందని నేరుగా సముద్రం దగ్గరకే వెళ్ళింది. ఆ పొద్దున్నే కాలేజీకి బయలుదేరబోతున్న నాకు మా వీధి మొదట్లో ఆమె గొంతు వినబడింది. గంప దించి, చుట్టూ చేరిన ఆడవాళ్ళకు హైదరాబాద్ డ్రమ్ము ఎంత ఎత్తుందో చేతులు చాచి చూపిస్తోంది. అప్పలనరసమ్మ అనే ఆవిడ, అంత పెద్ద డ్రమ్ములో మందు వండితే నీ కూతురు చెయ్యి నొప్పెట్టదా అని అడుగుతోంది.

"వండటం కాదే, పెంచటం" అంది జోగమ్మ. "కూకో, సెప్తాను."